స్పానిషు భాషలో ‘చేయుచున్నాడు’ : క్రమము తప్పిన ధాతువుల విచారణ

స్పానిషు నేడు 20 స్వతంత్ర దేశములలో అధికారభాష. స్పెయిను దేశమున కాస్తీలియా ప్రాంతపు పలుకుబడిగా బయలుదేరి, సముద్రము దాటి, మెక్సికో మొదలు ఆర్జెంటీనా వరకు వ్యాపించినది. మన దేశమునను దీనిని నేర్చువారు కలరు. హైదరాబాదులో 1958లో కేంద్ర ఆంగ్ల సంస్థగా వెలసి, 2007లో ఆంగ్ల విదేశీ భాషల విశ్వవిద్యాలయముగా రూపొందిన విద్యాస్థానమున స్పానిషు బోధన జరుగుచున్నది. అయితే తెలుగువాని చేతికి వచ్చు స్పానిషు వ్యాకరణము సాధారణముగా ఇంగ్లీషులో వ్రాయబడినదై యుండును. అందుచేత అతడు ఒక పరభాషను మరియొక పరభాష కిటికీ గుండ చూడవలసి వచ్చుచున్నది. తన ఇంటి భాషలో ఉన్న పోలికలు అతని కంటబడవు. ఇంగ్లీషున లేని చిక్కు కానవచ్చినప్పుడెల్ల ‘ఇది క్రమము తప్పినది, కంఠస్థము చేయుము’ అను ఆజ్ఞ ఒక్కటే మిగులును.

వర్తమానమున జరుగుచున్న పనిని తెలుపు క్రియారూపము ఇందుకు మంచి నిదర్శనము. ఇందలి అపక్రమ రూపములు ఏబదికి పైగా పట్టికలలో కానవచ్చును. వాని వెనుక ఉన్న ధర్మములు మాత్రము మూడు నాలుగింటికి మించవు. ఆ ధర్మములలో ముఖ్యమైనవి తెలుగు వ్యాకరణము చదివినవానికి పాత చుట్టములే.

స్పానిషు మాటలను తెలుగు లిపిలో వ్రాయుటకు ఇచ్చట ఒక మర్యాద పాటింపబడినది. దీర్ఘము గల అచ్చు మీద ఊనిక ఉన్నదని గ్రహింపవలెను. ‘హెచ్’ అక్షరము పలుకబడదు. ‘వి’ అక్షరము బకారముగనే వినబడును. అమెరికా ఖండపు ఉచ్చారణ ననుసరించి ‘సి’, ‘జెడ్’ అక్షరములకు సకారము వాడబడినది. స్పానిషు త, ద లు మన దంత్యములే గనుక, ఇంగ్లీషువానికి కష్టమైన ఈ పలుకుబడి తెలుగువానికి పుట్టుకతోనే వచ్చినది.

రూపనిర్మాణము మిక్కిలి సులభము. ‘ఎస్తార్’ అను సహాయక్రియ ముందు నిలుచును. దాని వెనుక ప్రధానధాతువు యొక్క శత్రర్థకము వచ్చును. శత్రర్థకమనగా మన వ్యాకరణమున ‘చదువుచు’, ‘వ్రాయుచు’ అను రూపము. స్పానిషు ధాతువులు మూడు వర్గములు: -ఆర్, -ఏర్, -ఈర్ అంతములు. మొదటి వర్గమునకు -ఆందొ, తక్కిన రెంటికి -యేందొ చేరును. అబ్లార్ (మాటలాడు) అబ్లాందొ అగును. కొమేర్ (తిను) కొమ్యేందొ. బిబీర్ (జీవించు) బిబ్యేందొ. ‘ఎస్తోయ్ కొమ్యేందొ’ అనగా ‘తినుచున్నాను’. పురుషవచన భేదము సహాయక్రియకే కలుగును: ఎస్తోయ్, ఎస్తాస్, ఎస్తా, ఎస్తామొస్, ఎస్తాయిస్, ఎస్తాన్. శత్రర్థకము లింగవచనములచే కదలదు. 1492లో సాలమాంకా నగరమున ప్రచురింపబడిన నెబ్రీహా వ్యాకరణము ఈ శత్రర్థకమును నామము, క్రియ మొదలగువానితో పాటు ఒక ప్రత్యేక భాషాభాగముగనే లెక్కించినది. దీని కదలని స్వభావము ఆనాడే గుర్తింపబడినదన్నమాట.

తెలుగున ‘చదువుచున్నాడు’ అను రూపమును విడదీసిన ‘చదువుచు + ఉన్నాడు’ అగును. కట్టడము ఒక్కటే, వరుస మాత్రము తారుమారు. స్పానిషువాడు ‘ఉన్నాడు చదువుచు’ అనును. ‘ఎస్తార్’ లాటిను ‘స్తారె’ నుండి వచ్చినది. దాని మొదటి అర్థము ‘నిలుచు’. సంస్కృతపు ‘స్థా’ ధాతువు దానికి సోదరి. స్థితి, స్థానము అను మాటలు ఎరిగినవానికి ‘ఎస్తార్’ అర్థము వేరుగ చెప్ప నక్కరలేదు.

రాష్ట్రేతర తెలుగువారు చుట్టుప్రక్కల వినునట్టి భాషలును ఈ తీరుననే నడచుచున్నవి. కన్నడమున ‘మాడుత్తిద్దానె’, తమిళమున ‘చెయ్దుకొండిరుక్కిఱాన్’, ఒడియాలో ‘కరుఛి’, మరాఠీలో ‘కరీత్ ఆహే’ - అన్నింట ‘ఉండు’ అను అర్థము గల క్రియయే చివర నిలిచినది. మన గ్రాంథిక రూపమున ‘ఉన్నాడు’ శత్రర్థకముతో అతుకుకొని పోయినది. వ్యవహారమున ‘చదువుతున్నాడు’ అనునప్పుడు అతుకు ఇంకను మరుగుపడినది. కాని రాయలసీమయందును, దానిని ఆనుకొని కోలారు, హోసూరు ప్రాంతములందును తరతరములుగ నున్న తెలుగువారి నోట ‘చదవతా ఉండాడు’, ‘వస్తా ఉండాడు’ అను పలుకుబడి కలదు. అందు రెండు మాటలును రెండుగనే నిలిచియున్నవి. పాఠశాలలో ఈ మాట పలికిన బాలుని సరిదిద్దుటయే గాని, దాని నిర్మాణమును మెచ్చుకొనుట అరుదు. వ్రాతకు ప్రమాణభాష నేర్పుట అవసరమే. అయినను ఈ పలుకుబడి చెడిన తెలుగు కాదు. ‘ఎస్తా లెయేందొ’ అను స్పానిషు వాక్యమును అర్థము చేసికొనుటకు ‘చదువుతున్నాడు’ కంటె ‘చదవతా ఉండాడు’ అనునదే దగ్గర త్రోవ.

ఇక అపక్రమముల విచారణ. సహాయక్రియలో మొదటి పురుగు ‘ఎస్తోయ్’ అను ఉత్తమపురుషైకవచనము. దానిని అట్లే నేర్వవలెను, అందు చర్చ లేదు. చర్చ అంతయు శత్రర్థకమునందే.

స్పానిషు నేర్చువాడు ముందుగ సామాన్య వర్తమానమును నేర్చును. అందు ధాతువులోని అచ్చులు మారుట చూచి భయపడును. పెన్సార్ (ఆలోచించు) ధాతువునకు ‘ఆలోచింతును’ అనుటకు ‘ప్యేన్సొ’ అగును. కొంతార్ (లెక్కించు) ‘క్వేంతొ’ అగును; బొల్బేర్ (తిరిగివచ్చు) ‘బ్వేల్బొ’ అగును. ఈ మార్పును నేర్చిన విద్యార్థి శత్రర్థకమునందును దానిని తెచ్చి పెట్టి ‘ప్యేన్సాందొ’, ‘బ్వేల్బ్యేందొ’ అని వ్రాయును. ఇది తప్పు. సరియైనవి పెన్సాందొ, కొంతాందొ, బొల్బ్యేందొ. కారణము ఊనికలో నున్నది. లాటినునందలి హ్రస్వ ఎకార ఒకారములు ఊనిక పడినచోట ‘యే’, ‘వే’ లుగా విచ్చుకొన్నవి. ఊనిక లేనిచోట యథాతథముగ నిలిచినవి. ‘ప్యేన్సొ’లో ఊనిక ధాతువు మీద నున్నది. ‘పెన్సాందొ’లో ఊనిక ప్రత్యయము మీదికి జరిగినది, గనుక ధాతువు విచ్చుకొనలేదు. ఇందుకు సాక్ష్యము వర్తమానమునందే కలదు: ‘మేము ఆలోచింతుము’ అనుటకు ‘పెన్సామొస్’ అందురుగాని ‘ప్యేన్సామొస్’ అనరు.

ఈ ఒక్క ధర్మముతో అపక్రమముల పట్టికలో సగము చెరిగిపోవును. అట్లే వర్తమానపు ఉత్తమపురుషైకవచనమున మాత్రమే వింతగా నుండు ధాతువులు శత్రర్థకమున నిరపాయముగ నడచును: అసేర్ (చేయు) ‘ఆగొ’ అయినను అస్యేందొ, పొనేర్ (ఉంచు) ‘పోంగొ’ అయినను పొన్యేందొ, సలీర్ (బయటికి పోవు) ‘సాల్గొ’ అయినను సల్యేందొ. స్పానిషులో అతి వక్రమని పేరు పొందిన ‘సేర్’ (అగు) ధాతువు కూడ స్యేందొ అని బుద్ధిగా నడచును. ఒకచోట వంకర యున్నదని అన్నిచోట్ల వంకర వెదకుట నేర్చువారికి సహజమైన భ్రాంతి.

రెండవ ధర్మము -ఈర్ అంతములకు సంబంధించినది. పెదీర్ (అడుగు) పిద్యేందొ అగును. దెసీర్ (చెప్పు) దిస్యేందొ. సెర్బీర్ (వడ్డించు) సిర్బ్యేందొ. మెంతీర్ (అబద్ధమాడు) మింత్యేందొ. బెనీర్ (వచ్చు) బిన్యేందొ. దొర్మీర్ (నిద్రించు) దుర్మ్యేందొ, మొరీర్ (చనిపోవు) ముర్యేందొ. ఇచ్చట ధాతువునందలి ఎకారము ఇకారమైనది, ఒకారము ఉకారమైనది. ప్రత్యయము మొదట నున్న యకారధ్వని తన ముందరి అచ్చును తనవైపునకు, అనగా పైకి, లాగినది. 1904లో వెలువడిన మెనేందెజ్ పిదాల్ పండితుని చారిత్రక వ్యాకరణము మొదలుకొని స్పానిషు భాషాచరిత్రకారులు ఈ యకారధ్వనికి గొప్ప స్థానమిచ్చియున్నారు.

తెలుగువాడు దీనికి ఆశ్చర్యపడ నక్కరలేదు. ‘చదువు’ ధాతువునకు క్త్వార్థకమైన ఇకారము చేరినప్పుడు ‘చదువి’ కాక ‘చదివి’ అగుచున్నది. అడుగు - అడిగి, పిలుచు - పిలిచి, కుదురు - కుదిరి. వెనుక వచ్చు ఇకారము ముందరి ఉకారమును తనవలె మార్చుకొన్నది. రెండు భాషలకును చుట్టరికము లేదు. మార్పునకు లోనగు అచ్చులును ఒక్కటి కావు. కాని నోటి స్వభావము ఒక్కటే: రాబోవు ధ్వనికి నాలుక ముందుగనే సిద్ధపడును. మరియు ఒక సామ్యము. ‘కుదిరి’ అనుచోట ప్రత్యయమునకు ప్రక్కనున్న ఉకారమే మారినది. దూరముననున్న కు అట్లే నిలిచినది. స్పానిషులో రెపెతీర్ (మరల చెప్పు) ధాతువున ఎకారములు రెండు కలవు. శత్రర్థకము రెపిత్యేందొ, ప్రక్కనున్న ఎకారమే మారి, మొదటిది కదలకున్నది. ‘రిపిత్యేందొ’ అని వ్రాయు విద్యార్థి ‘కుదిరి’ని ‘కిదిరి’ అనడు గదా!

ఈ మార్పు ఏ -ఈర్ ధాతువునకు కలుగును? వర్తమానమున ఏకవచనమందు అచ్చు మారునట్టి -ఈర్ ధాతువు శత్రర్థకమునను దాదాపు ఎల్లప్పుడు మారును. పెదీర్ ‘పీదొ’ అగును, కనుక పిద్యేందొ. సుమెర్హీర్ (ముంచు) వర్తమానమున ‘సుమేర్హొ’ అని మారకుండును, కనుక శత్రర్థకమునను సుమెర్హ్యేందొ. ఒకారము ఉకారమగునవి వాడుకలో చెప్పదగినవి దొర్మీర్, మొరీర్ అను రెండే. -ఏర్ వర్గమునకు ఈ ఆకర్షణ లేదు: పెర్దేర్ (పోగొట్టుకొను) పెర్ద్యేందొ, బొల్బేర్ బొల్బ్యేందొ. ఆ వర్గమున పొదేర్ (శక్తుడగు) ఒక్కటే గీత దాటి పుద్యేందొ అయినది. దానిని ఒంటరి అపవాదముగ గుర్తుంచుకొనుట మేలు.

ఈ రెండు ధర్మములును ఎంత ఉపయోగకరములో ఒక జంట ధాతువుల వలన తెలియును. సెంతార్ అనగా కూర్చుండబెట్టు. సెంతీర్ అనగా అనుభవించు. రెంటికిని వర్తమాన ఉత్తమపురుషైకవచనము ‘స్యేంతొ’ యే. అచ్చట అవి కలిసిపోయినవి. సందర్భము లేక వేరుపరుపరాదు. శత్రర్థకమునకు వచ్చుసరికి మొదటిది -ఆర్ అంతము గనుక సెంతాందొ, రెండవది -ఈర్ అంతము గనుక సింత్యేందొ. వర్తమానరూపమును చూచి శత్రర్థకమును ఊహించువాడు ఇచ్చట త్రోవ తప్పును. ధాతువును, దాని వర్గమును చూచువాడు తప్పడు.

కొందరు బోధకులు మరియొక ఉపాయము చెప్పుదురు: భూతకాల ప్రథమపురుష బహువచనమును పట్టుకొని శత్రర్థకము చేయుమందురు. పిద్యేరొన్ (అడిగిరి) - పిద్యేందొ. దుర్మ్యేరొన్ (నిద్రించిరి) - దుర్మ్యేందొ. ఇది కొంతదూరము నడచును. కాని అసేర్ నకు భూతకాలము ఇస్యేరొన్, శత్రర్థకము అస్యేందొ. తెనేర్ నకు భూతకాలము తుబ్యేరొన్, శత్రర్థకము తెన్యేందొ. నిత్యము వాడు ధాతువులయందే విఫలమగు ఉపాయము ఉపాయము కాజాలదు.

మూడవ ధర్మము వ్రాతకు సంబంధించినది. లెఏర్ (చదువు) లెయేందొ, కఏర్ (పడు) కయేందొ, త్రఏర్ (తెచ్చు) త్రయేందొ, ఒఈర్ (విను) ఒయేందొ, కొన్‌స్త్రుఈర్ (కట్టు) కొన్‌స్త్రుయేందొ. ధాతువు అచ్చుతో ముగిసినప్పుడు ప్రత్యయపు ‘ఐ’ అక్షరమునకు బదులు ‘వై’ అక్షరము వ్రాయబడును. ఇంగ్లీషు పుస్తకములు దీనిని అపక్రమముగ చూపును. తెలుగు లిపిలో వ్రాసి చూచినచో అపక్రమము మాయమగును: ‘కొమ్యేందొ’లో యకారము వత్తుగ నున్నది, ‘లెయేందొ’లో నిండు అక్షరముగ నున్నది. చెవికి రెండును యకారమే. రెండు అచ్చుల నడుమ గాని, పదాదిన మరియొక అచ్చునకు ముందు గాని ‘ఐ’ నిలువరాదను వర్ణక్రమనియమమే ఈ మార్పునకు కారణము. మొదటిచూపునకు ఇది ‘మాయమ్మ’ అనుచోటి యడాగమమువలె తోచును. నిజమునకు యడాగమము కాదు. కొత్తగా యకారము వచ్చి చేరలేదు. ఉన్న ఇకారమే యకారమైనది గనుక, ‘అతి + అంత’ ‘అత్యంత’ అయిన యణాదేశముతో పోల్చుట యుక్తము.

ఈ నియమము చేతనే ‘ఈర్’ (పోవు) ధాతువు శత్రర్థకము వట్టి యేందొ అయినది. ధాతువునందు ప్రత్యయము తీసివేసిన మిగులునది శూన్యము; ప్రత్యయమే పదమై కూర్చున్నది. అది పదాదిన నున్నది గనుక ‘వై’తో వ్రాయబడును.

ఇంతకంటె సూక్ష్మమైనది మరియొకటి. ఞకారముతో ముగియు ధాతువులయందు ప్రత్యయపు యకారము అణగిపోవును. రెఞీర్ (తగవులాడు) రిఞేందొ, తెఞీర్ (రంగు వేయు) తిఞేందొ. ఞకారము స్వయముగ తాలవ్యము. అందులోనే యకారపు ఛాయ కలదు. రెండవ యకారమునకు తావు లేదు. ‘జ్ఞానము’ తప్ప మరెచ్చట ఞకారము ఎరుగని నేటి బాలునికి వర్ణమాలలోని ఆ అక్షరము ఎందులకో చూపుటకు ఇది మంచి ఉదాహరణము. అచ్చు మారిన పిమ్మట రెండు ఇకారములు కలియుచోట కూడ ఒకటి లోపించును: రెఈర్ (నవ్వు) రియేందొ.

రూపములు కుదిరిన పిమ్మట వాడుక మిగిలియున్నది. ఇంగ్లీషు కిటికీ వలని హాని ఇచ్చటనే ఎక్కువ. ‘అతడు కూర్చున్నాడు’ అను మాటను ఇంగ్లీషువాడు జరుగుచున్న పనిగా చెప్పును. తెలుగువాడట్లు చెప్పడు. ‘కూర్చున్నాడు’ అనగా కూర్చుండుట ముగిసి ఆ స్థితిలో నున్నాడు. ‘కూర్చుండుచున్నాడు’ అనగా ఇప్పుడే నడుము వంచుచున్నాడు. స్పానిషువాడును ఇట్లే వేరుపరచును: ఎస్తా సెంతాదొ అనగా కూర్చున్నాడు, సె ఎస్తా సెంతాందొ అనగా కూర్చుండుచున్నాడు. ‘చనిపోవుచున్నాడు’ ఎస్తా ముర్యేందొ. ‘చనిపోయియున్నాడు’ ఎస్తా ముఎర్తొ. చొక్కా తొడిగికొన్నవానిని గూర్చియు స్పానిషువాడు శత్రర్థకము వాడక సామాన్య వర్తమానముననే చెప్పును. తన భాష ననుసరించి ఆలోచించు తెలుగువాడు ఇట్టిచోట్ల ఒప్పు వ్రాయును. ఇంగ్లీషులోనికి మార్చుకొని, అచ్చటినుండి స్పానిషులోనికి పోవువాడు తప్పు వ్రాయును.

అయితే తెలుగు అన్నిచోట్ల దారి చూపదు. మన ‘చున్న’ రూపము పరిధి విశాలమైనది. ‘రేపు మద్రీదునకు పోవుచున్నాను’ అందుము. స్పానిషువాడు ‘మఞాన బోయ్ అ మద్రీద్’ అని సామాన్య వర్తమానము వాడును, యేందొ వాడడు. ‘ప్రతిదినము పత్రిక చదువుచున్నాడు’ అను అలవాటునకును సామాన్య వర్తమానమే తగును. కన్నుల యెదుట జరుగుచున్న పనిని గూర్చి ‘ఏమి చేయుచున్నావు?’ అని అడుగుటకు కూడ ‘కే ఆసెస్?’ అను సామాన్యరూపము చాలును. కనుక తెలుగువాడు తన భాషలోకంటె ఈ రూపమును పొదుపుగ వాడుట నేర్వవలెను. ఎవరైన పిలిచినప్పుడు మనము ‘వచ్చుచున్నాను’ అందుము. స్పానిషువాడు ‘యా బోయ్’, అనగా ‘ఇదిగో పోదును’ అనును. పిలిచినవాని వైపునుండి కాక తన వైపునుండి అతడు చూచును.

కర్మవాచకమైన సర్వనామము రెండుచోట్ల నిలువగలదు. ‘దానిని చదువుచున్నాను’ అనుటకు ‘లొ ఎస్తోయ్ లెయేందొ’ అని ముందుంచవచ్చును, ‘ఎస్తోయ్ లెయేందొలొ’ అని శత్రర్థకమునకు అతికింపవచ్చును. అతికించినప్పుడు పదము ఒక అక్షరము పెరుగును గాని ఊనిక స్థానము మారదు. అది మారలేదని తెలుపుటకే స్పానిషు వ్రాతలో ఆ అచ్చుపై ఒక గీత పెట్టుదురు.

ఎస్తార్ నకు మారుగ ఇతర క్రియలును శత్రర్థకమునకు తోడు వచ్చును. సెగీర్ (వెంబడించు) చేరినచో పని ఆగకుండుట తెలియును: సీగె లెయేందొ, ‘చదువుచునే యున్నాడు’. ఈర్ చేరినచో పని కొంచెము కొంచెముగ సాగుట తెలియును: బోయ్ అప్రెంద్యేందొ, ‘క్రమముగ నేర్చుకొనుచు పోవుచున్నాను’. యెబార్ (మోయు) చేరినచో గడచిన కాలము తెలియును: యేబ దోస్ ఆఞొస్ ఎస్తుద్యాందొ, ‘రెండేండ్లనుండి చదువుచున్నాడు’. మాటకు మాటగ చూచిన, రెండేండ్లను మోయుచున్నాడు, చదువుచు.